గేమ్ జోన్ కార్డు లెక్క: ఏ యంత్రం ఏం అమ్ముతుంది

హైదరాబాద్, విజయవాడ, విశాఖ మాల్స్‌లో గేమ్ జోన్ దాదాపు ఎప్పుడూ పై అంతస్తులోనే ఉంటుంది, ఫుడ్ కోర్టుకూ సినిమా హాళ్ళకూ ఆనుకుని. సినిమాకి ముందు అరగంట గడపాల్సినవాళ్ళు, తిండి అయ్యాక ఇంటికి వెళ్ళడానికి పిల్లలు ఒప్పుకోనివాళ్ళు అక్కడే దొరుకుతారు. ఈ ఎత్తుగడ పాతదే. 1972లో పాంగ్ యంత్రంతో వీడియో గేమ్‌ని వ్యాపారంగా నిలబెట్టిన అటారీ సహవ్యవస్థాపకుడు నోలన్ బుష్నెల్, 1977లో కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో చక్ ఈ చీజ్ అనే పిజ్జా హోటల్ తెరిచాడు. పిజ్జా వేడివేడిగా వచ్చేలోగా పిల్లలు యంత్రాల్లో నాణేలు వేస్తారన్నదే దాని వెనకున్న లెక్క. 1982లో డాలస్‌లో మొదలైన డేవ్ అండ్ బస్టర్స్ అదే పద్ధతిని పెద్దవాళ్ళకు మళ్ళించింది. ఇప్పుడు మన మాల్స్‌లో ఉన్నవి ఈ కుటుంబానికి చెందినవే.

తొంభైల్లో మన ఊళ్ళలో నడిచిన వీడియో గేమ్ షాపులకీ వీటికీ పోలిక తక్కువ. అక్కడ రూపాయి బిళ్ళ వేస్తే, చెయ్యి తిరిగినవాడు ఆ ఒక్క బిళ్ళతోనే గంటసేపు ఆడేవాడు. ఫైటింగ్ గేమ్‌లో గెలిచినవాడు కూర్చునే ఉంటాడు, ఓడినవాడే ఇంకో బిళ్ళ వెయ్యాలి. నేర్పు పెరిగేకొద్దీ ఖర్చు తగ్గేది. నేటి గేమ్ జోన్‌లో ఆ అవకాశం దాదాపు లేదు. కార్ల రేసులో మొదట వచ్చినా, ఆఖర్న వచ్చినా మూడు నిమిషాల్లో ఆట ముగుస్తుంది. నాణెం బదులు ముందే డబ్బు వేయించుకున్న కార్డును యంత్రానికి తట్టి ఆడాలి, ఇద్దరు ఆడితే ఇద్దరి కార్డులోనూ కోత పడుతుంది. కాబట్టి ఆడటం ఎంత బాగా వచ్చన్నదాని కంటే, ఏ యంత్రం దగ్గర నిలబడుతున్నామన్నదే ఖర్చును నిర్ణయిస్తుంది.

యంత్రాలు ఎన్ని రకాలుగా మెరిసినా అమ్మేవి రెండే: కొన్ని ఆడే సమయాన్ని అమ్ముతాయి, మిగతావి బహుమతి మీద ఆశను అమ్ముతాయి. రేసింగ్, షూటింగ్, డాన్స్, ఎయిర్ హాకీ, బౌలింగ్ మొదటి రకం. బహుమతులకు మార్చుకునే టికెట్లిచ్చే ఆటలూ, బొమ్మను పట్టి లేపే క్లా మెషీన్లూ, కదిలే వెలుగు గళ్ళను ఒకదాని మీద ఒకటి ఆపాల్సిన స్టాకర్ లాంటివీ రెండో రకం. రెండో రకంలో తప్పేమీ లేదు గానీ, మొదటి రకం అనుకుని వాటి మీద డబ్బు పెడితేనే గంటలోపే కార్డు ఖాళీ అవుతుంది.

కార్డు లోపల ఏముంది

నాణెం పోయి కార్డు రావడం వల్ల ధర చెప్పే పద్ధతే మారిపోయింది. అర్జెంటీనాలోని సకోవా, ఆస్ట్రేలియా మూలాలున్న ఎంబెడ్, మంగళూరులో పుట్టిన సెమ్‌నాక్స్ వంటి సంస్థలు ఈ కార్డు వ్యవస్థలు తయారుచేస్తాయి. చాలా వ్యవస్థల్లో కార్డులో ఉండేది ఒక నంబరు మాత్రమే. బ్యాలెన్స్ అంతా సర్వర్లో ఉంటుంది. దీనివల్ల రెండు ఫలితాలు. కార్డు పోయినా, ఫోన్ నంబరుతో నమోదు చేయించి ఉంటే బ్యాలెన్స్‌ని కొత్త కార్డుకు మార్పించుకోవచ్చు. నమోదు లేకపోతే పోయిందంతే. రెండోది, నెట్‌వర్క్ ఆగితే యంత్రం బాగానే ఉన్నా, కార్డు తట్టే రీడర్ దాన్ని తీసుకోదు. అలాంటప్పుడు పదేపదే తట్టకూడదు. ఆగిన తట్లు తర్వాత ఒకేసారి లెక్కలోకి వచ్చి రెండు మూడు ఆటల డబ్బు కోతపడే ప్రమాదముంది.

సర్వర్ నుంచి నడుస్తుంది కాబట్టి యజమాని ఏ ఆట ధరనైనా రోజును బట్టి, గంటను బట్టి మార్చగలడు. వారం మధ్యలో మధ్యాహ్నం ఉన్న ధర ఆదివారం సాయంత్రం ఉండకపోవచ్చు. రీడర్ మీది చిన్న తెరలో ఆట ధర కనిపిస్తూనే ఉంటుంది, తట్టే ముందు దాన్ని చదవాలి. కొన్నిచోట్ల రూపాయల్లో కాకుండా క్రెడిట్లలో చూపిస్తారు. ఒక క్రెడిట్‌కి ఎన్ని రూపాయలో కౌంటర్‌లోనే అడిగి తెలుసుకోకపోతే 7.5, 9.8 లాంటి అంకెలు చూసి చవకే అనిపిస్తుంది. ఆ అనిపించడం కోసమే వాటిని అలా పెట్టారని అనుకోవడంలో పొరపాటేమీ లేదు.

రీఛార్జ్ చేయించేటప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కార్డుకు విడిగా డబ్బులా? జీఎస్టీ కలిపి చెప్తున్నారా, పైన వేస్తారా? బోనస్‌గా ఇచ్చేది అన్ని ఆటలకూ చెల్లుతుందా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. వెయ్యికి మూడొందలు బోనస్ అంటే పదమూడొందల ఆట అనుకుంటాం. కానీ బోనస్ క్రెడిట్లు బౌలింగ్‌కీ, కళ్ళకు హెడ్‌సెట్ తొడుక్కుని ఆడే వీఆర్‌కీ, బహుమతి యంత్రాలకీ చెల్లకపోవడం, అసలు బ్యాలెన్స్ కంటే ముందే గడువు తీరడం మామూలే. మొదట అసలు డబ్బు కోతపడుతుందా, బోనస్ పడుతుందా అన్నది కూడా చోటుచోటుకీ వేరు. వాడని బ్యాలెన్స్ సాధారణంగా నగదుగా తిరిగి ఇవ్వరు.

గంటకింత అని అమ్మే అపరిమిత ఆటల కార్డులు ఇంకో రకం. వీటి లెక్క తేలికే. రేసింగ్ ఆట మూడు నిమిషాలనుకుంటే, సీటు సర్దుకుని కారూ ట్రాకూ ఎంచుకునేసరికి ఒక్కో ఆటకు ఐదు నిమిషాలు పోతాయి. అంటే ఖాళీగా ఉన్నరోజు గంటలో పన్నెండు ఆటలు. శని, ఆదివారాల్లో వరసలో నిలబడితే ఐదారు దాటవు. విడిగా ఆడితే ఆట వంద రూపాయలు, గంట కార్డు 600 అనుకుందాం. ఖాళీ రోజున సగానికి సగం మిగులు. రద్దీ రోజున సమానం లేదా నష్టం. ఈ కార్డులు సాధారణంగా టికెట్లిచ్చే యంత్రాలకు చెల్లవు, చెల్లినా టికెట్లు జమకావు.

సమయం అమ్మే యంత్రాలు

రేసింగ్‌లో కార్డు తట్టాక కాదు, ముందే సీటు సర్దుకోవాలి. డబ్బు పడగానే ఎంపికకు కౌంట్‌డౌన్ మొదలవుతుంది. సీటు కింద లివర్ వెతుకుతుండగానే ఏదో ఒక కారు దానంతటదే ఖాయమైపోతుంది. పక్కపక్క సీట్లలో కలిసి ఆడాలనుకుంటే అందరూ ఒకేసారి తట్టి, స్టార్ట్ నొక్కి, ఎదుటివారి పేరు తెరమీద చేరిందో లేదో చూడాలి. ఒకరు ముందే ట్రాక్ ఎంచుకుని వెళ్ళిపోతే రెండోవారు వేరే రేసులో ఒంటరిగా మిగులుతారు, డబ్బులు వెనక్కి రావు. సెగా 1990ల్లో తెచ్చిన డేటోనా యూఎస్ఏలో ఎనిమిది సీట్ల దాకా కలిపే వీలుండేది. ఈ యంత్రాలను వరసగా పెట్టడానికి కారణం ఆ లింకే.

చాలా ఆర్కేడ్ రేసుల్లో వెనకబడిన కారుకు వేగం కలుపుతారు, ముందున్న కారును కొద్దిగా పట్టి ఉంచుతారు. కొత్తవాడు మొదటి మలుపులోనే ఆశ వదులుకోకుండా చేసిన ఏర్పాటిది. అందుచేత మొదటి ల్యాపులో తెచ్చుకున్న ఆధిక్యం నిలవదు. కాసేపు వేగం పెంచే బూస్ట్ ఉంటే చివరి ల్యాపుకు దాచుకోవడమే లాభం. గేర్లు అలవాటు లేనివారు ఆటోమేటిక్ ఎంచుకోవాలి. స్టీరింగ్ ఒక పక్కకు లాగడం ఈ యంత్రాలకు బాగా తెలిసిన జబ్బు. స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే భాగం అరిగిపోతే, చక్రం నిటారుగా పట్టుకున్నా కారు పక్కకు పోతుంది. డబ్బు పెట్టకముందే ముందువాడి ఆట అరనిమిషం చూస్తే ఇది తెలిసిపోతుంది. బ్రేక్, యాక్సిలరేటర్ పెడళ్ళను కాలితో నొక్కి వదిలి, పైకి తిరిగి వస్తున్నాయో లేదో చూడాలి.

తుపాకీ ఆటల్లో గురి తప్పితే ఆడేవాడి తప్పే అనుకుంటారు, చాలాసార్లు కాదు. పాత గొట్టం తెరల కాలంలో, తెరమీద వెలుగు చుక్క ఏ క్షణంలో ఎక్కడుందో తుపాకీ పసిగట్టేది. ఎల్‌సీడీ తెరలతో అది కుదరదు. ఇప్పుడు తెర చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, తుపాకీ గొట్టంలో వాటిని చూసే చిన్న కెమెరా ఉంటాయి. గొట్టం కొసన దుమ్ము పట్టినా, ఒక దీపం మాడినా, ఎదురుగా బలమైన లైటు పడినా గురి పక్కకు జరుగుతుంది. సర్దుబాటు సిబ్బంది తెరిచే సర్వీస్ మెనూలోంచే చెయ్యాలి, ఆడేవాళ్ళ చేతిలో లేదు. తెరకు మరీ దగ్గరగా నిలబడితే కెమెరాకు దీపాలన్నీ ఒకేసారి కనబడవు. రెండడుగులు వెనక్కి జరిగితే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. నామ్కో టైమ్ క్రైసిస్ వరసలో కాలి పెడల్ ఉంటుంది: వదిలితే దాక్కోవడం, నొక్కితే లేచి కాల్చడం. దాక్కున్నప్పుడే గుళ్ళు నిండుతాయి. ఇది తెలియక పెడల్ నొక్కి ఉంచేసి, ముప్పై సెకన్లలో ఆట ముగించుకునేవాళ్ళు ఎక్కువ.

డాన్స్ యంత్రాల్లో రెండు వంశాలున్నాయి. 1998లో జపాన్ సంస్థ కొనామీ తెచ్చిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌లో నాలుగు బాణాలు. 1999లో కొరియా సంస్థ ఆండమిరో తెచ్చిన పంప్ ఇట్ అప్‌లో నాలుగు మూలలూ, నడిమి ఒకటీ కలిపి ఐదు పలకలు. ఒకటి అలవాటైన కాళ్ళు రెండోదాని మీద తడబడతాయి. వీటిలో వచ్చే సమస్య పలక కింద సెన్సర్ చచ్చుబడటం. పాట ఎంచుకునే తెరలోనే ఒక్కో పలకను తొక్కి చూస్తే ఏది పలకడం లేదో తెలుస్తుంది, అప్పటికప్పుడు సిబ్బందిని పిలవాలి. పాట మొదలయ్యాక చేసే ఫిర్యాదును ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఎయిర్ హాకీ డబ్బుకు తగిన ఆట. బల్ల అడుగున ఉన్న బ్లోయర్ వేల చిల్లుల్లోంచి గాలిని పైకి తోస్తుంది, దాని మీద పక్ అనే పలచటి బిళ్ళ తేలుతుంది. చిల్లుల్లో దుమ్ము పేరుకుంటే పక్ అక్కడక్కడా ఆగుతుంది. బల్ల మట్టం తప్పితే ఒక మూలకే జారుతుంది. ఆట మొదలైన పది సెకన్లలో ఈ రెండూ కనిపిస్తాయి. వేళ్ళను, పక్‌ని కొట్టడానికి చేత్తో పట్టుకునే స్ట్రైకర్ అంచు దాటి బయటకు పెడితే దెబ్బ తగలడం ఖాయం.

బౌలింగ్ ధర ఆటకా, మనిషికా, గంటకా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక ఆటకు పది ఫ్రేములు, అంటే ఒక్కొక్కరికి పది వంతులు. ఒక్కరికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, నలుగురుంటే దాదాపు గంట. గంట లెక్కన లేన్ (బంతి దొర్లించే పట్టీ) తీసుకుని ఎనిమిదిమంది దిగితే ఒక్క ఆట కూడా పూర్తికాదు. బంతి మీద ఉన్న అంకె పౌండ్లలో బరువు. 16 దాటి ఉండవు. పెద్దవాళ్ళు శరీర బరువులో పదో వంతుకు కాస్త తక్కువతో మొదలుపెట్టొచ్చు. బొటనవేలు చిల్లులో ఇరుక్కునేలా ఉంటే బంతి మార్చాలి, లేకపోతే మణికట్టు పట్టేస్తుంది. లేన్ మొదట్లో ఉండే ఫౌల్ లైన్ దాటి కాలు పెట్టకూడదు. నియమం సంగతి అలా ఉంచి, దాని అవతల లేన్‌కి నూనె పూసి ఉంటుంది. జారి పడేది అక్కడే. చాలా మాల్స్‌లో బంతితో పడగొట్టే పిన్నులకు పైనుంచి తాళ్ళు కట్టి ఉంటాయి. ఒక పిన్ను తాడు పక్కదాన్ని లాగి పడెయ్యడం, తాళ్ళు చిక్కుపడి ఆట ఆగడం ఈ రకంలో తప్పవు.

వీఆర్ ఆటకు ధర ఎక్కువ, సమయం తక్కువ. కడుపునిండా తిని వెంటనే ఎక్కితే తల తిరుగుతుంది. కళ్ళు కదులుతున్నామని చెప్తుంటే, లోపలి చెవి కదలడం లేదని చెప్పడమే దానికి కారణం. కుర్చీ ఊగే రకంలో ఇది కొంత తక్కువ. కళ్ళజోడున్నవాళ్ళు హెడ్‌సెట్‌లో అది పడుతుందో లేదో ముందే చూసుకోవాలి.

ఆశ అమ్మే యంత్రాలు

టికెట్ల ఆటలకు ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఆట 80 రూపాయలు, సగటున 40 టికెట్లు వస్తున్నాయి. కౌంటర్‌లో మెత్తటి బొమ్మకు 3,000 టికెట్లు. అంటే 75 ఆటలు, 6,000 రూపాయలు. బయట దుకాణంలో అదే బొమ్మ ఐదొందలు. ఇందులో మోసమేమీ లేదు. ఆడిన ఆటకు పుచ్చుకున్నదే ఎక్కువ భాగం, బహుమతి దాని మీద కొసరు. వ్యాపారంలో ఉన్నవాళ్ళు సాధారణంగా వచ్చిన సొమ్ములో నాలుగో వంతు అటూ ఇటూగా బహుమతుల ఖరీదు ఉండేలా యంత్రాలను సర్దుతారు. ఈ లెక్క ఏ గేమ్ జోన్‌లోనైనా ఐదు నిమిషాల్లో వెయ్యొచ్చు: ముందు బహుమతుల కౌంటర్ దగ్గరికెళ్ళి ధరలు చూడాలి, తర్వాత ఆట దగ్గర నిలబడి నలుగురికి ఎన్నేసి టికెట్లు వచ్చాయో చూడాలి. తిరగేసి చేస్తే, అంటే ఆడి తర్వాత కౌంటర్‌కి వెళ్తే, చేతిలో రెండు చాక్లెట్లూ ఒక రబ్బరూ మిగులుతాయి.

ఈ కోవలో నేర్పుకు విలువ ఉన్న ఆట బాస్కెట్‌బాల్. తట్టే ముందు తొట్టెలో ఎన్ని బంతులున్నాయో చూడాలి. ఒకటో రెండో వల వెనక ఇరుక్కుంటే వెయ్యగల బంతుల సంఖ్య పడిపోతుంది, గడియారం మాత్రం ఆగదు. గాలి తగ్గిన బంతి రింగుకు తగిలి ఎగరదు, దాన్ని పక్కన పెట్టాలి. ఒక బంతి గాల్లో ఉండగానే రెండోది చేతిలోకి రావాలి. ప్రతి బంతి ఫలితం చూస్తూ ఆగేవాడికి సగం స్కోరు పోతుంది. చక్రం తిప్పే ఆటలు దీనికి పూర్తిగా భిన్నం. గళ్ళన్నీ సమానంగానే కనిపిస్తాయి గానీ, ఎలక్ట్రానిక్ చక్రాల్లో చాలావాటికి ఎక్కడ ఆగాలో సాఫ్ట్‌వేర్ చెప్తుంది. ఎంత బలంగా తిప్పామన్నది లెక్కలోకి రాదు.

క్లా మెషీన్ దగ్గర ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. గోళ్ళను బిగించేది ఒక విద్యుత్ చుట్ట. దానికి ఎంత వోల్టేజీ ఇస్తే పట్టు అంత గట్టిది. ఈ వోల్టేజీని యజమాని మెనూలో సర్దగలడు, అదీ రెండు దశల్లో: కింద బొమ్మను పట్టేటప్పుడు ఒకటి, పైకి లేచాక ఇంకొకటి. ఎన్ని ఆటలకు ఒకసారి పూర్తి పట్టు ఇవ్వాలో కూడా పెట్టుకోవచ్చు. ఆట వంద రూపాయలు, బొమ్మ ఖరీదు 250, బహుమతి ఖర్చు వసూళ్ళలో నాలుగో వంతు దాటకూడదు అనుకుంటే, వెయ్యి రూపాయలు పడ్డాకే ఒక బొమ్మ పోవాలి. అంటే పదాటలకు ఒక గట్టి పట్టు. మిగతా తొమ్మిదింటిలో గోళ్ళు బొమ్మను లేపుతాయి, పైకి చేరగానే చిన్న కుదుపుతో వదిలేస్తాయి. ఆ కుదుపు కనబడితే వోల్టేజీ పడిపోయిందని అర్థం, గురి తప్పిందని కాదు. నాంపల్లి నుమాయిష్‌లో రింగులు విసిరే దుకాణంలో కూడా గెలవడం కష్టమే, కానీ అక్కడ రింగు సైజు ఆటకో రకంగా మారదు.

అయినా ఆడాలనిపిస్తే చూడాల్సినవి ఉన్నాయి. బొమ్మలు గోడ కట్టినట్టు బిగించి పేర్చి ఉంటే ఏ పట్టుకీ రావు. రంధ్రానికి దగ్గరగా, పైన వదులుగా పడి ఉన్న బొమ్మను, దాని బరువు ఎక్కడ ఉందో అక్కడ, సాధారణంగా తలకూ పొట్టకూ మధ్య, పట్టాలి. వరసగా చాలామంది ఓడిపోయిన యంత్రం వద్ద అవకాశం కాస్త మెరుగు, అయితే పట్టు వచ్చిన ఆటలోనే గురి కూడా కుదరాలి. స్టాకర్ లాంటి యంత్రాల్లో కింది వరసలు నిజంగా నేర్పువే. పెద్ద బహుమతి ఉన్న పై వరసకు వచ్చేసరికి ఎన్నిసార్లకు ఒకసారి గెలిపించాలన్న సెట్టింగ్ అడ్డొస్తుంది. తాళంచెవిని రంధ్రంలో దూర్చే కీ మాస్టర్ మీద ఇదే ఆరోపణతో అమెరికాలో కోర్టు కేసులు పడ్డాయి. ఈ గొడవ కొత్తది కాదు. వాలు బల్ల మీద ఇనుప గోళీని తన్నే పిన్‌బాల్ ఆట జూదమేనంటూ న్యూయార్క్ నగరం 1942 నుంచి 1976 దాకా దాన్ని నిషేధించింది. గేమ్ జోన్ టికెట్లను ఎక్కడా నగదుగా మార్చకపోవడానికీ జూదం చట్టాల భయమే కారణం.

టికెట్లు కాగితం మీద కాక కార్డులోకే వెళ్తున్న చోట, ఆట అవగానే రీడర్ మీద అంకె పెరిగిందో లేదో చూసి కదలాలి. జమ కాకపోతే యంత్రాన్ని వదిలి వెళ్ళకుండా, దాని మీది నంబరు చూపించి సిబ్బందిని పిలిస్తే సర్వర్‌లో ఆ ఆట దొరుకుతుంది. పది నిమిషాల తర్వాత వెళ్ళి ఏదో యంత్రం అంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

తలుపులు ఎక్కడున్నాయి

2024 మే 25న, శనివారం, గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో టీఆర్‌పీ గేమ్ జోన్ తగలబడి 27 మంది చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. అది రేకులతో లేపిన తాత్కాలిక కట్టడం. అగ్నిమాపక అనుమతి లేదు. లోపల వెల్డింగ్ పని నడుస్తోంది, ఇంధనం నిల్వ ఉంది, బయటపడే దారి ఇరుకు. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో తనిఖీలు జరిగాయి. అనుమతి సంగతి తప్ప మిగతావన్నీ లోపలికి అడుగుపెట్టే ఏ మనిషైనా రెండు నిమిషాల్లో చూడగలిగినవే కావడం గమనించాలి. వచ్చిన దారి కాక రెండో తలుపు ఉందా, దానికి తాళం ఉందా, అడ్డంగా పాడైన యంత్రాలు పెట్టారా? గో కార్టింగ్ ఉంటే పెట్రోలు ఎక్కడ పెడుతున్నారు? పైకప్పు పని, వెల్డింగ్ పని సాగుతుండగా జనాన్ని లోపలికి వదులుతున్నారంటే ఎంత పెద్ద ఆఫర్ ఉన్నా వెనక్కి తిరగాల్సిందే. పెద్ద మాల్ లోపలి జోన్‌లో స్ప్రింక్లర్లూ మెట్లదారులూ మాల్‌వే కాబట్టి కొంత నయం. కల్యాణ మండపాల పక్క ఖాళీ స్థలాల్లో, సెలవుల సీజన్‌కి వెలిసే షెడ్లను మాత్రం గట్టిగా చూడాలి.

ట్రాంపోలిన్ (స్ప్రింగులకు బిగించిన, ఎగిరి దూకే పట్టా) ఉన్నచోట పట్టున్న సాక్సులు తప్పనిసరి, అక్కడ కొంటే ధర ఎక్కువ, కానీ తర్వాతిసారికి దాచుకోవచ్చు. ఒక్కో ట్రాంపోలిన్ మీద ఒక్కరే ఉండాలన్న నియమం మీద రాజీ వద్దు: బరువైనవాడు దిగిన క్షణంలో తేలికైన పిల్ల కాళ్ళకింద పట్టా ఎదురు తంతుంది, విరిగేది చిన్నవాళ్ళ కాలే. మూర్ఛ ఉన్నవారు మెరుపు దీపాల యంత్రాలకు దూరంగా ఉండాలి.

చివర్లో ఏ ఆటకూ చాలని ముప్పై నలభై రూపాయలు కార్డులో మిగలడం అందరికీ జరిగేదే. మిగతా ఆటకు సరిపడా మళ్ళీ రీఛార్జ్ చేయించాలనిపించేది అప్పుడే, అదీ కనీస రీఛార్జ్ మొత్తంతో. దానికి బదులు ఇంట్లోవాళ్ళ కార్డుల్లో మిగిలినవన్నీ, టికెట్లతో సహా, ఒకే కార్డులోకి మార్చమని కౌంటర్‌లో అడగొచ్చు, చాలాచోట్ల మారుస్తారు. మార్చాక బ్యాలెన్స్ గడువు తేదీ, టికెట్ల గడువు తేదీ విడివిడిగా అడిగి రాసుకోవాలి, రెండూ ఒకే రోజున తీరకపోవచ్చు.